మూడు చోట్ల ఒకే రేవు: ఒక యూనివర్సిటీ లైబ్రరీ రిఫరెన్స్ డెస్క్‌పై సమీక్ష

భవనానికి మూడు స్టార్లు. కుర్చీలకు రెండు. రిఫరెన్స్ డెస్క్‌కు నిస్సందేహంగా ఐదు. ఆ డెస్క్ వెనుక కూర్చున్న మనిషికి విశ్వవిద్యాలయం ఇస్తున్న స్థానానికి ఒకటి. సున్నా ఇచ్చే వీలు లేదు కాబట్టి ఒకటి.

విశాఖలో ఏ లైబ్రరీ గురించి ఆరా తీసినా మూడు విషయాలే తెలుస్తాయి: ఏసీ ఉందా, వైఫై వస్తుందా, పోటీ పరీక్షల వాళ్లు సీట్లు వదులుతారా. లోపల పనిచేసేవాళ్లు ఎవరు, వాళ్లకు ఏం తెలుసు అన్నది ఎవరూ రాయరు. హోటల్ గురించి రాస్తూ వంటమనిషిని వదిలేసి బల్లలను వర్ణించినట్టు ఉంటుంది ఆ రాత. అందుకే ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఒక అసిస్టెంట్ లైబ్రేరియన్ గురించి. ఆవిడ పేరు రాయను, యూనివర్సిటీ పేరూ రాయను. నగరంలో చిన్నవీ పెద్దవీ, ప్రభుత్వానివీ ప్రైవేటువీ చాలానే ఉన్నాయి. ఊహించే ప్రయత్నం చేయకండి. నేను చెప్పబోయే తగవు ఏ ఒక్క ప్రాంగణానిదీ కాదు.

నా సంగతి కొంచెం చెప్పాలి. గాజువాక వైపు ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో చరిత్ర చెబుతాను. విశాఖ రేవు కట్టిన కాలంలో పనిచేసిన కూలీల మీద పార్ట్‌టైం పీహెచ్‌డీ చేస్తున్నాను. సెలవు దొరికిన రోజున ఎన్‌ఏడీ కూడలి ట్రాఫిక్ దాటుకుని లైబ్రరీకి చేరేసరికి సగం పూట పోతుంది. మిగిలిన సగం పూటలో పని కావాలి. నా కొలమానం అదొక్కటే, దాన్ని బట్టే స్టార్లు ఇచ్చాను.

భవనం సంగతి తొందరగా ముగిస్తాను. చదువుకునే హాలు విశాలంగా ఉంది, వెలుతురు ధారాళంగా వస్తుంది. ఏసీ ఒక పక్కనే పనిచేస్తుంది. మే నెల ఉక్కలో రెండో పక్క కూర్చోవడం తపస్సే. మంచినీళ్ల ఫిల్టర్ మీద ‘మరమ్మతులో ఉంది’ అని అంటించిన కాగితం పసుపు రంగుకు తిరిగింది. పోటీ పరీక్షల పిల్లలు పొద్దున్నే వచ్చి సంచులు పెట్టి సీట్లు పట్టుకుంటారు. వాళ్లను తప్పుపట్టలేను, అద్దె గదిలో నలుగురు సర్దుకునేవాళ్లు మరి ఎక్కడ చదువుతారు? మరుగుదొడ్లు ఫరవాలేదు.

ఇక అసలు విషయం. రేవు నిర్మాణం నాటి నివేదికలు కావాలని కంప్యూటర్ కేటలాగ్‌లో వెతికాను. విశాఖ రేవు పేరుతో వచ్చినవన్నీ ఇటీవలి ఎగుమతి దిగుమతుల లెక్కలు, రెండు మూడు ఎంబీఏ ప్రాజెక్టులు. కౌంటర్ దగ్గరి కుర్రవాడిని అడిగితే “కంప్యూటర్‌లో లేదంటే లేనట్టే మేడం” అన్నాడు. అతనిది ఏజెన్సీ ద్వారా వచ్చిన తాత్కాలిక ఉద్యోగం, పుస్తకాలు ఇచ్చి పుచ్చుకోవడం వరకే అతని పని. నేను వెనుదిరిగేలోపు లోపలి డెస్క్ నుంచి ఆవిడ పిలిచారు.

“కూర్చోండి. రేవు గురించి అన్నారు కదా, మీకు కావలసింది సరుకా, కట్టడమా, మనుషులా?”

“మనుషులే మేడం. కూలీలు.”

“కూలీల గురించి అప్పట్లో ఎవరు రాసి ఉంటారు? వాళ్ల మీద డబ్బు ఖర్చు పెట్టినవాళ్లే రాస్తారు. రేవుకు ఖర్చు పెట్టిందెవరు?”

“బెంగాల్ నాగపూర్ రైల్వే.”

“మరి మీరు రేవు పేరుతో వెతుకుతున్నారు.”

ఒక చీటీ తీసి మూడు అంకెలు రాశారు: 387.1, 385, 627.2. పుస్తకాలను విషయాన్ని బట్టి అంకెలతో విడదీసే డ్యూయీ వర్గీకరణలో రేవును సరుకు రవాణాగా చూస్తే మొదటిది, రైల్వే వ్యవహారంగా చూస్తే రెండోది, నీటిలో లేపిన కట్టడంగా చూస్తే మూడోది. ఆ మూడోది ఇంజినీరింగ్ పుస్తకాల మధ్య, ఆనకట్టలూ కాలువల పక్కన, వేరే అంతస్తులో ఉంటుంది. చరిత్ర చదివేవాళ్లు అటువైపు అడుగు పెట్టరు. 1933 అక్టోబర్ 7న జలదుర్గ ఓడ రావడంతో మొదలైన ఒకే ఒక రేవు ఈ భవనంలో మూడు చోట్ల ఉందన్నమాట. పైగా పాత పుస్తకాల్లో కొన్ని ఇంకా కంప్యూటర్‌లోకి ఎక్కనే లేదు. వాటికి చెక్క సొరుగుల్లోని కార్డులే ఆధారం. ఆ సొరుగు ఆవిడే లాగి, కార్డుల పై అంచులను వేలితో దొర్లిస్తూ ఒకచోట ఆగారు. అట్ట ఊడిన ఒక నిర్మాణ నివేదిక 627.2 వరుసలో దొరికింది. మొదటి నూరు పేజీల నిండా ఇసుక తవ్వకం లెక్కలే. అనుబంధంలో మాత్రం రోజు కూలీ రేట్లూ గుడిసెల ఏర్పాట్లూ. నాకు కావలసింది అదే.

అక్కడితో వదిలిపెట్టలేదు. అప్పటి విశాఖ మద్రాసు ప్రెసిడెన్సీలోది కాబట్టి జిల్లా కాగితాల కోసం చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్ చూడాలని, రైల్వే ప్రధాన కార్యాలయం కలకత్తా గార్డెన్ రీచ్‌లో ఉండేది కాబట్టి ఆ జాడ వేరని, ఢిల్లీ వరకు వెళ్లే ముందు జాతీయ అభిలేఖాగారం వారి ‘అభిలేఖ్ పటల్’ వెబ్‌సైట్‌లో రైల్వే శాఖ దస్త్రాల పట్టిక చూసుకోవాలని వరుసగా రాసి ఇచ్చారు. 1907 నాటి జిల్లా గెజిటీర్‌లో, అంటే జిల్లా వివరాలన్నీ కూర్చిన ప్రభుత్వ గ్రంథంలో, రేవు ఉండదు, కానీ రేవు రాకముందు ఆ ఉప్పుటేరు ఎలా ఉండేదో ఉంటుంది, అది ముందు చదవమన్నారు. మా గైడు గారికి కూడా తట్టని సలహా ఇది. గైడు గారు ఇది చదివినా నాకు భయం లేదు; ఆయనే ఒప్పుకున్నారు.

ఇది పుస్తకం తీసి ఇవ్వడం కాదు. అడిగే మనిషికి అసలు కావలసింది ఏమిటో నాలుగు ప్రశ్నల్లో తేల్చి, ఆ సమాచారం పుట్టిన చోటును ఊహించి, అది ఏ అంకె కింద దాక్కుందో పట్టుకోవడం. పరిశోధన పద్ధతుల పాఠం అంటే నా దృష్టిలో ఇదే.

సరిగ్గా ఆ పాఠం నడుస్తున్నప్పుడే ఒక యువ అధ్యాపకుడు వచ్చాడు. నిలబడే ఒక జాబితా బల్ల మీద పెట్టి, “ఇవి తీయించి మా డిపార్ట్‌మెంటుకు పంపించేయండి” అని, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయాడు. ఆవిడ ఆ కాగితాన్ని నా చీటీ కింద పెట్టి, వదిలిన చోట నుంచి మళ్లీ మొదలుపెట్టారు.

ఆ కుర్రాడికి తెలియదేమో కానీ, యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరినా, యూనివర్సిటీలో అసిస్టెంట్ లైబ్రేరియన్‌గా చేరినా జీతాల పట్టికలో అకడమిక్ లెవెల్ 10, మొదటి మూలవేతనం 57,700 రూపాయలు. అసిస్టెంట్ లైబ్రేరియన్ కావాలంటే గ్రంథాలయ శాస్త్రంలో 55 శాతం మార్కులతో పీజీ ఉండాలి, ఆపైన సాధారణంగా జాతీయ స్థాయి ‘నెట్’ గానీ రాష్ట్ర స్థాయి అర్హత పరీక్ష గానీ గట్టెక్కాలి. యూనివర్సిటీ లైబ్రేరియన్ అయితే లెవెల్ 14, ప్రొఫెసర్‌తో సమానం. దానికి పదేళ్ల అనుభవమూ పీహెచ్‌డీ కూడా అడుగుతారు. మా మేడంకు పీహెచ్‌డీ ఉంది. డెస్క్ మీది పేరు పలకలో ‘డాక్టర్’ అని కూడా ఉంది. అయినా విద్యార్థులకు ఆవిడ ‘లైబ్రరీ ఆంటీ’, ఆఫీసు వాళ్లకు ‘బుక్స్ సెక్షన్ మేడం’.

కాగితం మీద సమానం, గది దాటితే కాదు. ఆ నిబంధనల శీర్షికలోనే అధ్యాపకులు ఒక వర్గం, ‘ఇతర విద్యా సిబ్బంది’ ఇంకో వర్గం. విద్యా సిబ్బందే, కానీ పాఠం చెప్పే సిబ్బంది కాదు. ఈ మధ్యస్థ స్థితి వల్ల యూనివర్సిటీకి ఎంత సౌకర్యమో చూడండి. పరీక్షల డ్యూటీలకు మనిషి తక్కువైతే లైబ్రేరియన్ అధ్యాపకులతో సమానం. సెమినార్‌కు పంపమంటే ఆఫీసు సిబ్బందితో సమానం. స్నాతకోత్సవం నాడు కుర్చీలు వేసేటప్పుడు ఏ వరుసలో కూర్చోబెట్టాలో ఎవరికీ తెలియదు, కాబట్టి నిర్వహణ చూసుకోమని ఏదో ఒక బాధ్యత అప్పగిస్తారు. ఇది ఆవిడ నాతో చెప్పుకున్న ఫిర్యాదు కాదు. ఆవిడ అలాంటివి చెప్పే మనిషి కాదు. రెండేళ్లకు పైగా అక్కడికి వస్తూ పోతూ ఉన్నదాన్ని కాబట్టి కళ్లారా చూసింది రాస్తున్నాను.

వీటన్నిటిలో నాకు ఒళ్లు మండినది కోర్సువర్క్ వ్యవహారం. పీహెచ్‌డీలో చేరినవాళ్లందరూ పరిశోధన, ప్రచురణ నైతికత మీద రెండు క్రెడిట్ల కోర్సు చదవాలని యూజీసీ 2019 చివరలో చెప్పింది. మొత్తం 30 గంటలు. అందులో సమాచార భాండాగారాల వాడకం, పత్రికల ప్రభావాన్ని కొలిచే సూచికలు, దొంగ పత్రికలను గుర్తించడం, కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ వంటివి ఉంటాయి. ఈ భాగం మాకు చెప్పింది ఆవిడే. డబ్బు తీసుకుని ఏదైనా అచ్చేసే పత్రిక ఎలా ఉంటుందో తనకే వచ్చిన ఒక ఆహ్వాన లేఖను తెర మీద వేసి, వాక్యం వాక్యం విప్పి చూపించారు. ఎడిటర్ల జాబితాలోని ఒక పెద్దమనిషి ఫొటో వేరే పేరుతో ఇంకో పత్రికలో ఉంది. తరగతి గొల్లుమంది. ఎన్నో ఏళ్లుగా పాఠాలు చెబుతున్న నాకు కూడా అసూయ పుట్టించిన తరగతి అది. తీరా టైంటేబుల్ చూస్తే ఆ గంటలకు ఎదురుగా వేరే ప్రొఫెసర్ గారి పేరు! లైబ్రేరియన్ ‘పాఠం చెప్పరు’ కాబట్టి అలా రాయక తప్పలేదని ఆఫీసు సమాధానం. పాఠం చెప్పించుకుని, పాఠం చెప్పరు కాబట్టి పేరు వేయలేమనడం ఏ తర్కమో నాకు బోధపడలేదు.

ఇక పైకుర్చీ సంగతి. నేను చేరినప్పటి నుంచి అక్కడ పూర్తి స్థాయి యూనివర్సిటీ లైబ్రేరియన్‌ను చూడలేదు. వేరే శాఖ ప్రొఫెసర్‌కు అదనపు బాధ్యతగా ఇస్తారు. ఆయన పెద్దమనిషే, కానీ వారానికి ఒకసారి వచ్చి సంతకాలు పెట్టి వెళతారు. భౌతికశాస్త్ర శాఖకు లైబ్రేరియన్‌ను ఇన్‌ఛార్జిగా వేస్తే ఊరుకుంటారా అని ఒకసారి క్యాంటీన్‌లో అన్నాను. అందరూ నవ్వేసి టీ తాగారు.

మునుపు ఇలా లేదు. అది తెలిసే నాకు ఎక్కువ కోపం. ఇదే ఊళ్లో ఉన్న, 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వకళా పరిషత్తుకు (ఆంధ్ర విశ్వవిద్యాలయానికి) ఏళ్ల తరబడి గ్రంథాలయాధికారిగా పనిచేసినవారు అబ్బూరి రామకృష్ణారావు. కవి, నాటక ప్రయోక్త, ఆధునిక తెలుగు సాహిత్య చరిత్రలో చోటున్న మనిషి. ఆ పేరు విన్నవాళ్లు ఎవరూ లైబ్రేరియన్ ఉద్యోగాన్ని పుస్తకాల గుమాస్తాగిరీ అనుకోరు. అదే విశ్వవిద్యాలయం 1935లోనే గ్రంథాలయ శాస్త్రంలో శిక్షణ మొదలుపెట్టింది, దేశంలో చాలా విశ్వవిద్యాలయాలకు ఆ ఊహే లేనప్పుడు. ఆ పెద్ద గ్రంథాలయానికి ఇప్పుడున్న పేరు డాక్టర్ వి.ఎస్. కృష్ణది, ఆయన అక్కడి వైస్ ఛాన్సలర్, ఆ తర్వాత యూజీసీ అధ్యక్షుడు. అంతకు ముందే 1914లో అయ్యంకి వెంకటరమణయ్య వంటివారు బెజవాడలో సభ పెట్టి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం నిలబెట్టారు. ఇంత చరిత్ర ఉన్న నేల మీద లైబ్రేరియన్ ఎవరో తెలియకపోవడం చదువుకున్నవాళ్లకు తగదు.

మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పునాది వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ కథ కూడా ఇక్కడ పనికొస్తుంది. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ లైబ్రేరియన్‌గా చేరేనాటికి ఆయన లెక్కల మాస్టారు. చేరిన కొత్తలో ఆ ఒంటరి కుర్చీలో విసుగెత్తి మళ్లీ ప్రెసిడెన్సీ కాలేజీకి పంపేయమని అడిగారు. లండన్ వెళ్లి చూసివచ్చాకే ఆ పనిలో ఏముందో ఆయనకు తెలిసింది. 1931లో వచ్చిన ఆయన అయిదు సూత్రాల్లో నాలుగోది పాఠకుడి సమయాన్ని ఆదా చేయమంటుంది. సగం పూట సెలవు మీద వచ్చే నాలాంటివాళ్లకు ఆ ఒక్కటి చాలు. ఆ రంగనాథనే అధ్యక్షుడిగా 1957లో యూజీసీ వేసిన గ్రంథాలయ సంఘం, యూనివర్సిటీ లైబ్రరీ సిబ్బందికి బోధన సిబ్బందితో సమాన హోదా, సమాన జీతం ఉండాలని చెప్పింది. జీతం విషయంలో ఆ మాట చాలావరకు నిలిచింది. హోదా విషయంలో ఇప్పటికీ బేరాలే.

దానికి అన్నిటికన్నా మంచి సాక్ష్యం 2008 డిసెంబర్ 31 నాటి కేంద్ర ప్రభుత్వ లేఖ. ఆరో వేతన సవరణతో పాటు కేంద్ర సంస్థల అధ్యాపకుల పదవీ విరమణ వయసు 65 అని అందులో ఉంది. లైబ్రేరియన్లకు, వ్యాయామ విద్యా డైరెక్టర్లకు మాత్రం 62 దగ్గరే ఆపారు. కారణం కూడా రాశారు: అధ్యాపకుల కొరత ఉంది, ఈ రెండు వర్గాల్లో కొరత లేదు. ఖాళీ కుర్చీలో ఇన్‌ఛార్జిని కూర్చోబెడితే కొరత కనబడదు మరి.

లైబ్రేరియన్లను వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. వాళ్లలో కొందరి మీద నాకు గట్టి ఫిర్యాదులే ఉన్నాయి. పుస్తకం బయటికి పోతే పోయినట్టేనని భయపడి బీరువాకు తాళం వేసి, తాళం చెవిని సొరుగులో పెట్టి, సొరుగుకు కూడా తాళం వేసే వాళ్లను నేను వేరే చోట్ల చూశాను. స్టాక్ వెరిఫికేషన్ పేరు చెప్పి నెల రోజులు లైబ్రరీ మూసేసిన వాళ్లూ ఉన్నారు. పోయిన ప్రతి పుస్తకం తమ జీతంలోంచి కోస్తారన్న భయం ఈ వృత్తిని లోపల్నుంచి తినేసింది. నిజానికి కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నిబంధనలు 2017లోనే, ఏడాదిలో పాఠకుల చేతికి వెళ్లిన ప్రతి 1,000 పుస్తకాలకు 5 పోవడం సహజ నష్టమేనని ఒప్పుకుంటాయి, మోసమో నిర్లక్ష్యమో లేనంత వరకు. అరుదైన పుస్తకం పోయినా, 1,000 రూపాయలు దాటినది పోయినా మాత్రం విచారణ తప్పదు. ఈ వెసులుబాటును పాఠకుల కోసం వాడుకునే లైబ్రేరియన్లు తక్కువ. కాపలాదారు పని చేస్తూ పండితుడి గౌరవం కావాలంటే రాదు. మా మేడం పక్షాన నేను ఇంత గట్టిగా మాట్లాడటానికి కారణం, ఆవిడ కాపలాదారు కాకపోవడమే.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఆవిడ వేరే చోట పనిచేసేవారట. కిటికీ అద్దాలు పగిలి ఒక వరుస మొత్తం తడిసింది. తడిసిన కాగితానికి 48 గంటల్లో బూజు మొదలవుతుంది. ఊరంతా కరెంటు లేదు, ఫ్యాన్లు లేవు. రోడ్ల మీద చెట్లు. నడుచుకుంటూ వెళ్లి, ఇద్దరు అటెండర్లతో కలిసి పుస్తకాలను ఎండలో పెట్టకుండా, గాలి ఆడే వరండాలో నిలువుగా, పేజీలు విసనకర్రలా విప్పి నిలబెట్టారు. మధ్యలో పెట్టడానికి పీల్చే కాగితం కావాలి. పాత పేపర్లు పెడితే సిరా అంటుకుంటుంది. దగ్గరి ప్రెస్సుకు వెళ్లి అచ్చు వేయని న్యూస్‌ప్రింట్ చుట్ట అడిగి తెచ్చి, తడి పీల్చిన కాగితం తీసి కొత్తది పెడుతూ పోయారు. నిగనిగలాడే ఫొటో కాగితం పుస్తకాలు మాత్రం అతుక్కుపోయాయట. “అవి ముందు చూడాల్సింది” అన్నారు, ఇప్పటికీ ఆ బెంగతోనే. పేజీలు అంటుకున్న పుస్తకాన్ని లాగకూడదని నాకు తెలిసింది అప్పుడే. ఈ పనికి ఏ పదోన్నతి దరఖాస్తులోనూ గడి లేదు.

ఇతర సేవల గురించి రెండు మాటలు. థీసిస్ సారూప్యత తనిఖీ, అంటే మన రాత ఇతరుల రాతలతో ఎంత శాతం కలుస్తుందో చూడటం, ఇక్కడే చేస్తారు. యూజీసీ 2018 నియమం ప్రకారం 10 శాతం వరకు ఇబ్బంది లేదు. ఆ పైన 40 వరకు అయితే సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. నా అధ్యాయం ఒకటి మొదటిసారి 23 శాతం చూపించింది. చాలాచోట్ల అయితే ఆ కాగితం చేతిలో పెట్టి పంపేస్తారు. ఆవిడ నివేదిక తెరిచి, రంగు వేసిన వాక్యాలను నాతో కలిసి ఒక్కొక్కటి చూశారు. సగానికి పైగా నేను మూలం చెప్పి ఉటంకించిన పాత ఉత్తర్వులు, మిగతా చాలావరకు గ్రంథ సూచిక. నియమమే వాటిని లెక్కలోంచి తీసేయమంటుంది. అందరూ వాడే మాటలు వరుసగా 14 పదాల వరకు కలిసినా పట్టించుకోనక్కర్లేదు. అవి తీసేశాక పది లోపుకు వచ్చింది. రెండు పేరాలు మాత్రం నిజంగానే మరీ దగ్గరగా ఉన్నాయని, నా మాటల్లో మళ్లీ రాయమని వేలు పెట్టి చూపించారు. బుజ్జగించలేదు, బెదిరించలేదు.

“ఇప్పుడు అన్నీ ఫోనులోనే దొరుకుతుంటే లైబ్రేరియన్ దేనికి?” అని మా బావగారు అడుగుతారు, ప్రతి పండక్కీ. 2024 నవంబర్‌లో కేంద్రం ఆమోదించిన ‘ఒకే దేశం ఒకే చందా’ పథకం కింద 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 పత్రికలు ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుబాటులోకి వచ్చాయి; మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు. మంచి పనే. కానీ మా కళాశాల ప్రైవేటుది, అందులో లేదు. మా పిల్లలకు దొరికేది ఏమిటి, దొరకని వ్యాసానికి రచయిత ఉచితంగా పెట్టిన ప్రతి ఎక్కడ ఉంటుంది, థీసిస్‌లు భద్రపరిచే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో థీసిస్‌ను మార్గదర్శి పేరుతో ఎలా వెతకాలి అన్నవి మా కళాశాలకు వచ్చి ఒక పూట చెప్పారు ఆవిడ, రానుపోను ఆటో ఖర్చు కూడా తీసుకోకుండా. 13,000 పత్రికల్లో నాకు పనికొచ్చే మూడు ఏవో చెప్పే మనిషి లేకపోతే ఆ 13,000 ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. మా బావగారు ఇంకా ఒప్పుకోలేదు.

ఒక చిన్న లోపం కూడా చెప్పాలి, లేకపోతే ఇది పొగడ్త అవుతుంది. ఆవిడ దగ్గర పని తొందరగా తెమలదు. ఒక ప్రశ్నకు వెళితే మూడు ప్రశ్నలు పట్టుకుని వస్తాం. వెనక ఎవరు నిలబడ్డా ముందున్న మనిషి పని తేలేదాకా తల ఎత్తరు. ఆవిడ సెలవు పెట్టిన రోజున ఆ డెస్క్ ఉట్టి బల్ల. రెండో మనిషిని తయారు చేయడానికి పోస్టు లేదు, ఉన్న కుర్రవాళ్లు ఏజెన్సీ ఒప్పందం ముగియగానే మారిపోతారు. కొంచెం పట్టుబడగానే వెళ్లిపోయే మనుషులకు ఎన్నిసార్లు నేర్పుతారు? స్టార్లు తగ్గించాల్సింది ఇక్కడే, కానీ అవి ఆవిడ ఖాతాలోంచి తగ్గించలేను.

వెళ్లాలనుకునేవారికి కొన్ని సూచనలు. బయటివారికి అక్కడే కూర్చుని చదువుకునే సభ్యత్వం ఇస్తారు. ఆధార్ నకలు, రెండు ఫొటోలు, మీ సంస్థ నుంచి ఒక లేఖ పట్టుకెళ్లండి. రుసుము కౌంటర్‌లో అడగండి, మారుతూ ఉంటుంది. సెమిస్టర్ పరీక్షల రోజుల్లో వెళితే రిఫరెన్స్ డెస్క్ ఖాళీగా ఉండవచ్చు, ఆవిడను ఇన్విజిలేషన్‌కు వేస్తారు. ముందే ఫోను చేయండి. మీకు కావలసిన పుస్తకం పేరు కాకుండా మీరు తేల్చుకోవాలనుకుంటున్న విషయాన్ని ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి, ఆవిడకు అదే నచ్చుతుంది. పాత పుస్తకాలను జిరాక్సు తీయనివ్వరు, ఫ్లాష్ లేకుండా ఫోనుతో ఫొటోలు తీసుకోనిస్తారు. మామూలు పుస్తకాలకు జిరాక్సు కావాలంటే మాత్రం మధ్యాహ్నం రెండు లోపే చూసుకోండి, ఆ తర్వాత మెషీన్ దగ్గర మనిషి ఉండడు.